గూడబాతుగారికి కప్పిన శాలువా

వింటేనే నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "నా దగ్గర దాచడానికేముందండీ!" అని. ఎంతో మర్యాదగా, నవ్వుతూ, గుండె మీద చెయ్యేసుకుని మరీ అంటారు. అన్న మరునిమిషంలోనే పక్కింటివాళ్ల సంగతులు ఎత్తుకుంటారు. తమ దగ్గర దాచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండకూడదని వాళ్ల లెక్క. నా ఉద్యోగమంతా ఇలాంటి మనుషులతోనే.

మాది తాడేపల్లిగూడెం. మావారిది ఉల్లిపాయల కమీషను వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. ఎన్ని అగరొత్తులు వెలిగించినా నా చీరలకి ఆ వాసన వదలదు. పైగదిలో కంప్యూటరు ముందు కూర్చుని నేను చేసే పని గురించి మా అత్తగారు చుట్టాలకి ఇలా చెబుతారు: "కోడలు పొద్దస్తమానం ఏదో తుడుస్తూ ఉంటుందండీ." అంతకంటే బాగా నేనూ చెప్పలేను. షేర్లు, ఫండ్లు, ఇళ్ల స్థలాలు, చేపల చెరువులు, ఇలా డబ్బు ఎక్కడ పెడితే పెరుగుతుందో తెలుగువాళ్లు మాట్లాడుకునే ఆన్‌లైన్ ఫోరం ఒకటుంది. దాని యజమాని హైదరాబాదులో ఉంటాడు, నాకు జీతం ఇస్తాడు. ఎవరైనా అందులో ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు, అకౌంటు వివరాలు, ఆధార్ కార్డుల ఫొటోలు పెడితే తీసేయడం నా పని. దాన్ని మోడరేషన్ అంటారు. నేను మాత్రం మురిక్కాలవ తియ్యడం అనుకుంటాను.

ఎందుకనుకోనండీ? ఒకాయన షేర్లు ఎందుకు అమ్ముకుంటున్నాడో నలుగురికీ నమ్మకం కలగాలని తన భార్య గర్భసంచి స్కానింగ్ రిపోర్టు పెట్టాడు. పేరుతో సహా, వయసుతో సహా. దాని కింద అప్పటికే చాంతాడంత సలహాలు. ఏ ఆసుపత్రి అండీ అని ఒకడు, మెంతులు నానబెట్టి తాగించండి అని ఒకడు, మేనరికమా అండీ అని ఇంకొకడు. ఛీ! మొత్తం తీసేశాను. ఆయనకి కోపం వచ్చింది. "నా భార్యది నేను పెట్టుకుంటే మధ్యలో మీకేంటండీ నొప్పి?" అని రాశాడు. ఆవిడని అడిగే పెట్టారా అని తిరిగి రాశాను.

ఫోన్ నంబర్లు అంకెల్లో రాస్తే కంప్యూటరు దానంతటదే ఆపేస్తుంది. అందుకని అక్షరాల్లో రాస్తారు. అదీ ఆపితే పలక మీద సుద్దతో రాసి ఫొటో తీసి పెడతారు. నేనేదో వాళ్ల ఆస్తి లాక్కుంటున్నట్టు నాతో దాగుడుమూతలు. ఒకరోజు సాయంత్రం మావారు మిరపకాయ బజ్జీలు తెచ్చారు. పొట్లం విప్పితే ఎవరిదో పాన్ కార్డు జెరాక్సు. నూనెలో తడిసి, ఫొటోలోని మొహం నిగనిగలాడుతోంది. నేను ఒక్కటి కూడా ముట్టలేదు. "కాయితం తినమన్నానా ఏంటి నిన్ను?" అంటూ మావారు శుభ్రంగా లాగించారు.

ఇంత చెత్తలో నేను ఇష్టంగా చదివేది ఒక్కరి రాతలే. ప్రొఫైల్లో గూడబాతు బొమ్మ పెట్టుకున్న సభ్యురాలు ఒకావిడ ఉండేది. కొల్లేరు మీద వాలే పెద్ద ముక్కు పక్షి, అదే. అసలు పేరు ఎవరికీ తెలియదు. మనవాళ్లు పక్షికి కూడా గారు తగిలించకుండా ఉండలేరు కదా, అందరూ గూడబాతుగారూ అని పిలిచేవారు. ఆవిడ రాతలో ఆర్భాటం ఉండదు. విషయం చెప్పి, ఎందుకో చెప్పి, ఊరుకుంటుంది.

ఆ రోజుల్లో ఫోరంలో ఒక స్కీము ఊపందుకుంది. కొల్లేరులో చేపల చెరువుకి వాటాలు అమ్ముతున్నారు. మీరు డబ్బు పెట్టండి, చేప మేం పెంచుతాం, ఏటా రాబడి మీ అకౌంటులో పడుతుంది అని రంగురంగుల కాగితాలు. భీమవరం, ఉండి, ముదినేపల్లి వైపు నుంచి కూడా జనం ఎగబడ్డారు. గూడబాతుగారు ఒకరోజు మెల్లగా రాసింది. ఆ చెరువు సరస్సు హద్దు లోపల ఉందని, అక్కడ చెరువు తవ్వడమే చెల్లదని, వాటా కొన్నట్టు ఇచ్చే కాగితం ఏ ఆఫీసులోనూ రిజిస్టరు కాదని, గట్లు ఒకసారి అధికారులు కొట్టేస్తే మళ్లీ పోశారని, మళ్లీ కొట్టేస్తే అడిగే దిక్కుండదని. అదే రోజు నాకు విడిగా మెసేజ్ పెట్టింది.

"మేడం గారూ, ఒక్క మనవి అండీ. నేను ఆ చెరువున్న ఊరి కోడలిని. మిషను వాళ్ల చిన్న బడిలో టీచరుని. మా ఆయన చేపల మేత లారీ నడుపుతారు. ఊరి సంగతి బయటివాళ్లకి చెప్పకూడదని మా ఊరి కట్టుబాటండీ. ఇదంతా రాసింది నేనని తెలిస్తే మమ్మల్ని ఊళ్లో బతకనివ్వరు. నా ఊరు గానీ, నేను ఫలానా అని గానీ తెలిసే ముక్క ఎక్కడైనా దొర్లితే దయచేసి తీసెయ్యండి."

తీసేస్తానని మాటిచ్చాను. అప్పటినుంచి ఆవిడ రాసినవీ, ఆవిడకి రాసినవీ ముందు నేను చదివాకే ఫోరంలోకి వదిలేదాన్ని. పొరపాటున ఇవాళ పడవ రాలేదు, బడికి పిల్లలు తక్కువ అని రాస్తే ఆ ముక్క కోసేసేదాన్ని. మీదే ఊరండీ, ఎవరి తాలూకండీ అని అడిగిన వాళ్ల ప్రశ్నలన్నీ చెత్తబుట్టలోకే. నా ఉద్యోగంలో నాకు గౌరవంగా అనిపించిన పని అదొక్కటే.

వేసవి సెలవులకి ముందు అధికారులు పొక్లెయినర్లతో వచ్చి ఆ చెరువు గట్లు నిజంగానే కొట్టేశారు. వాటాలు కొన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆవిడ మాట విని కొననివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఊళ్లోవాళ్లకీ బాధ లేదని అనను. ఆ చెరువు మీద ఎన్ని పొయ్యిలు వెలిగేవో నాకేం తెలుసు? వాళ్ల కడుపు మంట వాళ్లది. ఎవరో తమ పొట్ట కొట్టారని వాళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఇక ఇటు ఫోరంలో కృతజ్ఞతల వరద. తల్లీ అని ఒకరు, దేవతండీ అని ఒకరు. అందులో ఏలూరాయన ఒకరున్నారు, రిటైరైన ఆఫీసరు. పెద్ద వయసు, మెత్తని మాట. ఏవండీ అనకుండా వాక్యం మొదలుపెట్టరు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు, నేనూ గౌరవించేదాన్ని. తన రిటైర్మెంటు డబ్బంతా ఆ చెరువులో పోయబోయి ఆవిడ మాట చదివి ఆగిపోయారట. ఆ పెద్దాయన ఒక ప్రతిపాదన పెట్టారు: గూడబాతుగారికి సన్మానం చెయ్యాలి.

మన జిల్లాలో ఇదో జబ్బు. ఎవరివల్లనైనా మేలు జరిగిందా, శాలువా కొనాలి. ఫ్లెక్సీ కట్టాలి. దండ వేసి ఫొటో దిగాలి. అవతలి మనిషికి అది కావాలో అక్కర్లేదో అడగడం మర్యాద కాదు. ఆవిడెవరో తెలియకూడదండీ, దయచేసి వదిలెయ్యండి అని రాసి ఆ ప్రతిపాదన తీసేశాను. "అలాగేనండీ, మీ మాట కాదంటామా అండీ" అన్నారు పెద్దాయన. నేను నమ్మాను. వాళ్లు ఫోన్లో వేరే గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ నా చీపురు పనిచెయ్యదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిని ఫోరం తెరిచాను. పైనే ఫొటో. రోడ్డు పక్కన ఊరి మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద ఒకావిడ మొహం, బడి వార్షికోత్సవం ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు. ఒక పక్క గూడబాతు బొమ్మ. చెరువు మోసం నుంచి మమ్మల్ని కాపాడిన మా దేవతకు కృతజ్ఞతాభివందనాలు అని ఎర్రక్షరాలు. కింద ఆవిడ అసలు పేరు, బడి పేరు, ఊరు. ఫ్లెక్సీ ముందు అదే మనిషి, భుజాల మీద జరీ శాలువా, మెడలో బంతిపూల దండ. చుట్టూ పళ్లికిలించి మన మదుపరులు. ఆవిడ ఒక్కతే నవ్వడం లేదు.

ఫొటో తీసేసి పెద్దాయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ మేడం గారూ, నమస్కారమండీ! ఫొటో తీసేశారేంటండీ? అందరూ బాగుందంటున్నారు కదండీ," అన్నారు హుషారుగా.

"ఆవిడెవరో మీకెలా తెలిసిందండీ?"

"ఆయ్, అదెంత పనండీ! ఆదివారం పొద్దుట ఎప్పుడూ రాయరు, క్రిస్మస్‌కి మాత్రం శుభాకాంక్షలు పెడతారు. చర్చికి వెళ్లేవాళ్లని తెలిసిపోయింది కదండీ. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోవు, టీచరమ్మే అనుకున్నాం. కొల్లేటి మాట ఎలాగూ ఉంది. మాకు తెలిసినాయన పెళ్లి సంబంధాలు చూస్తారండీ. ఆయన్ని లంక గ్రామాల్లోకి పంపాం. చర్చికెళ్లేవాళ్లలో టీచరు చేసే ఆడవాళ్లు ఎవరింట్లో ఉన్నారండీ, వాళ్ల చెల్లెలికి మంచి సంబంధం ఉంది అని అడుగుతూ వెళ్లారు. ఎవరు కాదంటారండీ? అలాంటావిడ ఒక్కరే ఉన్నారని మేత డిపోలో టీ ఇచ్చి మరీ చెప్పారట."

గొప్పగా చెబుతున్నారండీ ఆయన! పెళ్లి సంబంధం పేరు చెప్పి ఇల్లిల్లూ తిరిగి ఆరా తీశారు. పిల్ల నడవడిక దగ్గర్నుంచి వంట దాకా కూపీ లాగే ఆ విద్య మనవాళ్లకి పుట్టుకతో వస్తుంది. ఏ పోలీసుకీ రాదు.

"ఆవిడ ప్రాణానికి ముప్పు తెచ్చారండీ మీరు. తన పేరు బయటికి రాకూడదని ఆవిడ నన్ను బతిమాలుకుంది. మీకూ చెప్పాను కదా!" అని అరిచాను.

"అబ్బెబ్బే, ఊరుకోండి. ఊరందరి ముందు గౌరవించాం కదండీ. మంచిపనే కదండీ చేసింది? తప్పు చేసినవాళ్లు దాక్కోవాలి గానీ, ఆవిడకి దాచడానికేముందండీ?"

ఫోన్ పెట్టేశాను. ఇంకో మాట మాట్లాడితే వయసు చూడకుండా తిట్టేసేదాన్ని. మా యజమానికి సంగతంతా చెబితే ఆయన ఇంకో మెట్టు పైన. "ఆ ఫొటోకి లైకులు బాగా వస్తున్నాయి కదమ్మా, సాయంత్రం దాకా ఉంచాల్సింది," అన్నాడు. వీళ్ల మధ్యా నేను ఉద్యోగం చేస్తున్నది అని అసహ్యం వేసింది. స్నానం చేసినా పోని అసహ్యం.

కొద్దిరోజులకి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నా అకౌంటు తీసెయ్యండి మేడం. ఏలూరు వచ్చేశాం." ఎక్కడున్నారని అడగడానికి నోరు రాలేదు. ఆవిడే చెప్పింది. మర్నాడు పాసింజరు రైలెక్కి వెళ్లాను.

ఒక చర్చి వెనకాల సందులో, వాళ్ల పిన్నిగారి ఇంటి వెనక భాగంలో ఒక్క గది. ట్రంకు పెట్టెలు ఇంకా విప్పలేదు. ఫొటోలో కంటే చిన్న మనిషి. టీ పెట్టి ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది, రైల్లో సీటు దొరికిందా అండీ అని అడిగింది. అంత నెమ్మది చూస్తే నాకు ఇంకా కోపం పెరిగింది.

"ఏం చేశారమ్మా వాళ్లు?" అని అడిగాను.

"ఎవరండీ, ఊళ్లోవాళ్లా? కొట్టలేదండీ, తిట్టలేదు. మాటలు మానేశారు. కొట్లో ఉప్పు అడిగితే లేదన్నారు. నా క్లాసుకి పిల్లల్ని పంపడం మానేశారు. మా ఆయన్ని లారీ దిగిపొమ్మన్నారు. మా మావగారు ఊళ్లో పెద్దమనిషండీ, ఆయనే మమ్మల్ని ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. లేకపోతే ఆయన్నీ వెలివేస్తారు మరి."

"ఇక్కడికొచ్చారని వాళ్లకి తెలుసా?"

"తెలీదండీ. వెతుకుతున్నారు. నేను వచ్చి ఊరి ముందు నిలబడి, రాసిందంతా అబద్ధమని చెప్పాలట. అది ఫోన్లో తీసి అందరికీ పంపి, గట్లు పోసుకుని మళ్లీ వాటాలు అమ్ముకుంటారు. నేను చెప్పనండీ. మా ఆయనకి చర్చివాళ్లు వేరే జిల్లాలో డ్రైవరు పని చూస్తామన్నారు, నాకు అక్కడ బడిలో ఖాళీ ఉందట. బళ్లు తెరిచేదాకా ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు. ఆ తరవాత మా బతుకు మాది."

"ఆ రోజు శాలువా కప్పుతుంటే వద్దని గట్టిగా అనలేకపోయారా?" అన్నాను. అడిగాక నాకే సిగ్గేసింది.

ఆవిడ తల దించుకుంది. "ఎలా అంటానండీ? బడి వదిలే వేళకి వచ్చారు. పెద్దాయన ఎండలో అంతదూరం వచ్చి నిలబడ్డారు. చేతులు వణుకుతున్నాయండీ ఆయనకి. అమ్మా, నా ముసలితనాన్ని కాపాడావు అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మెడ వంచానండీ."

సందు వైపు కిటికీకి తలుపు లేదు, చువ్వలే. పోయేవాళ్లు లోపలికి చూడకుండా దానికి ఏదో అడ్డం కట్టి ఉంది. వెళ్లేముందు గమనించాను. అదే జరీ శాలువా. పారేయడానికి మనసు రాలేదండీ, మందంగా ఉంది, పరదాకి పనికొచ్చింది అంది నా చూపు చూసి. నవ్వాలనుకుంది, రాలేదు.

అకౌంటు తీసేశాను. ఆవిడ రాసిన ప్రతి మాటా తీసేశాను. కొన్ని మళ్లీ చదువుకుని మరీ తీశాను, అంత మంచి తెలుగు తుడిచెయ్యాలంటే చెయ్యి ఆడలేదు. బళ్లు తెరవడానికి ఇంకెంతో లేదు కదా అని రోజూ అనుకునేదాన్ని. ఏలూరు వెళ్లిన సంగతి మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లోకి ఉల్లిపాయల లారీ వచ్చింది. నేను కింద మావారికి మంచినీళ్లిచ్చి పైకి వచ్చేసరికి ఫోరంలో కొత్త చర్చ. గూడబాతుగారిని ఆదుకుందాం రండి. రాసింది పెద్దాయన.

"ఏవండీ, అందరికీ నమస్కారం. మన దేవత మన కోసం నిలువనీడ లేకుండా అయ్యారని ఏలూరులో చర్చికి వెళ్లే మిత్రుల ద్వారా తెలిసి నా మనసు ద్రవించింది. ఇది మన బాధ్యత అండీ." దాని కింద ఆవిడ పేరు, బ్యాంకు అకౌంటు, ఫోన్ నంబరు, కంప్యూటరు ఆపకుండా అంకెలన్నీ అక్షరాల్లో. చర్చి పేరు, వెనక సందు, ఎటు తిరగాలో గుర్తులు, గేటు రంగు. స్వయంగా వెళ్లి పలకరించదలచినవారు ఈ రోజే నాతో రావచ్చునండీ అని చివర్న ఒక దండం బొమ్మ. దాని కింద దండాలే దండాలు. ఎంత మంచి మనసండీ మీది, మేమూ వస్తామండీ, మా గ్రూపులన్నిటిలో పెట్టామండీ.

తీసేశాను. తీసేసి ఏం లాభం? ఆవిడకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తాక గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"వచ్చేశారండీ."

"ఎవరు? ఊరివాళ్లా?" అన్నాను.

"కాదండీ. మన ఫోరం వాళ్లేనండీ. బత్తాయిలు, బియ్యం బస్తా తెచ్చారు. గేటు దగ్గర నిలబడి ఫొటోలు దిగుతున్నారు."

ఆ ఫొటోలు పొద్దు గూకే లోపల కొల్లేరు చేరతాయని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. "తలుపు తియ్యొద్దమ్మా. లేనట్టే ఉండండి. లోపలి నుంచి పిన్నిగారింట్లోకి వెళ్లిపోండి. నేను వాళ్లతో మాట్లాడతాను," అన్నాను గబగబా.

ఫోన్లోంచి ఆ మెత్తని గొంతు నాకూ వినిపించింది. ఏవండీ, అమ్మా, ఉన్నారా అండీ? ఆ వెనకే తలుపు మీద మర్యాదగా చిన్న చప్పుడు.

"కిటికీకి కట్టిన శాలువా పక్కకి తీసి చూస్తున్నారండీ," అంది.

"వినండి, తలుపు తియ్యొద్దు!"

"పెద్దాయన కదండీ, ఎండలో నిలబెట్టలేను," అని ఫోన్ పెట్టేసింది.